ఏం సప్పుడో చెప్పు

నాచారం,
16 ఫిబ్రవరి 2014.

మొగిలయ్య కాకకు స్వర్ణలత నమస్కారాలు.

మీరు షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టి ఆలేరు బస్సెక్కి నలభై రెండు రోజులైంది. ఈ నలభై రెండు రోజుల్లో ఎన్నిసార్లు ఫోన్ చేశానో మీ సెల్లుకే తెలుసు. మోగి మోగి ఆగిపోతుంది. పోయిన ఆదివారం మీ బావ పోశయ్య గారి గిర్నీకి చేస్తే, పిండి మర హోరులో ఆయన గొంతు చించుకుని "ఉత్తరం రాయమంటున్నడు" అని పెట్టేశారు. ఈ కాలంలో ఉత్తరమేమిటని మొదట కోపం వచ్చింది. ఏదో ఒకటి రాయమన్నారు కదా, అదే చాలనుకుని ఉప్పల్ పోస్టాఫీసులో కవర్లు కొన్నాను. కౌంటర్ దగ్గరి ఆమె, ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నావని అడిగింది.

మీరు ఎందుకు వెళ్ళారో ఎవరికీ చెప్పలేదు. "జర ఆరాం కావాలె" అన్నారు, అంతే. నాకు మాత్రం ఒక అనుమానం ఉంది. నవంబరులో ఆ ట్రాలీ ఆటోలో వస్తున్న చప్పుడు బెల్టుది అని మీరు అన్నారు. నలుగురిలో నేను "బెల్టు కాదు కాకా, బేరింగు" అన్నాను. విప్పితే బేరింగే. ఆ రోజు నుంచి మీరు నాతో మాటలు తగ్గించారు. డిప్లొమా చదివి కార్ల షోరూంకు వెళితే నన్ను బుకింగుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇంజను దగ్గరికి రానిచ్చింది మీరొక్కరే. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేను. ఆ చదువును మీ ముఖం మీద విసిరినట్టు అనిపించి ఉంటే క్షమించండి.

ఇక షెడ్డు సంగతి. జాగా యజమాని గోపాలరావు గారు మొన్న వచ్చారు. టైర్ల దుకాణం పెడతామని ఎవరో ఆ జాగా అడుగుతున్నారట. "మొగిలయ్య ఉన్నన్నాళ్ళూ నేను మాట్లాడలేదమ్మా. నువ్వొక్కదానివే నడుపుతానంటే ఏం చూసి నమ్మను?" అన్నారు. తరువాత తన తెల్ల కారు తాళాలు బల్ల మీద పెట్టారు. ఆ కారుకు జూన్ లో పదిహేనేళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించాలంటే పొగ పరీక్షలో పాస్ కావాలి. "దీన్ని పాస్ చేయించు. షెడ్డు నీ పేరున కాగితం రాస్తాను. లేదంటే మే నెలాఖరుకు ఖాళీ చేసేయ్" అన్నారు. మనిషి కఠినుడేమీ కాదు. ఒక మాట అంటే ఆ మాట మీద ఉంటారు.

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర పొగ పరీక్ష చేసే బండి దగ్గరికి కారును తీసుకెళ్ళాను. కార్బన్ మోనాక్సైడ్ మూడు శాతం దాటకూడదు, మనకు నాలుగు పాయింట్ ఆరు వచ్చింది. ఆ బండి ఆయన, "గొట్టం సైలెన్సర్ల సగమే పెడ్త చెల్లె, పాసైతది" అన్నాడు. వద్దని వచ్చేశాను.

కార్బురేటర్ బండి అయితే స్క్రూ తిప్పి తగ్గించేవాళ్ళం. ఇందులో ఇంజను ఎంత గాలి పీలుస్తోందో ఒక సెన్సర్ కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు పోస్తుంది. ఇప్పుడు అవసరానికి మించి పోస్తోంది. సెన్సర్ పాడైందని నా లెక్క. విక్రమ్ స్పేర్ పార్టుల దుకాణంలో మూడు రకాలు దొరుకుతాయి: కంపెనీది, పాత కారు విప్పి తీసింది, కొత్త నకలు. కంపెనీది తెప్పించడానికి నెల పడుతుందట. ఏది పెట్టాలో చెప్పండి.

బాపు మిమ్మల్ని అడిగినట్టు రాయమన్నాడు. ఆయనది రెండో షిఫ్టు. నేను వచ్చే వేళకు ఆయన వెళ్ళిపోతాడు.

జవాబు కోసం చూసే,
స్వర్ణలత.

*

ఆలేరు,
తారీకు 27-2-14.

బిడ్డా సొర్ణా,

ఉత్తరం అందింది. మీరు మీరు అని రాసినవేంది. నేనేమన్న ఆఫీసర్నా? షెడ్డుల నువ్వు అంటివి, కాయితంల గూడ నువ్వు అనే అను.

ఆటో కాడ నువ్వన్న మాటకు అలిగి నేను ఇక్కడికి రాలేదు. అది దిమాగ్ లకెళ్ళి తీసెయ్. బేరింగుంటె బేరింగే అనాలె.

నేను ఏడో తరగతిల బడి ఇడిసిన. రాసుడు మర్సిపోయిన. తప్పులుంటె దిద్దుకో, నవ్వకు.

సెన్సర్ల సంగతి నాకు అంత ఎర్క లేదు. ఇప్పిన బండిది తెస్తె ఏ బండిదో అడుగు, నీళ్ళల్ల మునిగింది అయి ఉంటది. నకలుది పెట్టి సూస్తె సూడు గాని దాన్ని నమ్మకు. ఏది పెట్టినా ముందుగాల సప్పుడు చెప్పు. సల్లగున్నప్పుడు ఏం సప్పుడు, గరమైనంక ఏం సప్పుడు, గడ్డ ఎక్కేటప్పుడు ఏం సప్పుడు. మూడు రాయి. పొద్దుగాల మనం చేసినట్టే.

గిర్నీల పని మంచిగున్నది. మొక్కజొన్న పట్టేటప్పుడు ఒకరి మాట ఒకరికి ఇనవడదు. ఎవరు మాట్లాడరు. మీ బాపును అడిగిన అని చెప్పు.

మొగిలయ్య

*

నాచారం,
16 మార్చి 2014.

కాకా,

సరే, నువ్వు అనే రాస్తున్నాను. రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది కానీ అలవాటవుతుంది. నీ ఉత్తరం బాపుకు చదివి వినిపించాను. అంతా విని, "ఎప్పుడొస్తడో రాయలేదా?" అన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి కూడా అది లేదు.

పొద్దున మనం చేసేది నేను ఎలా మరిచిపోతాను? రోజూ మొదటి బండి స్టార్ట్ చేయగానే నువ్వు బానెట్ ఎత్తి పట్టుకుని "ఏం సప్పుడో చెప్పు" అనేవాడివి. నేను విని చెప్పేదాన్ని. "ఏం లేదు కాకా" అంటేనే బానెట్ దించేవాడివి. ఏదైనా ఉందంటే దించేవాడివి కాదు. ఇంజను మీద స్క్రూడ్రైవర్ ఆనించి పిడిని పళ్ళ మధ్య పట్టుకునేవాడివి. విక్రమ్ అది చూసి "మేస్త్రి ఇంజను కొరుకుతున్నడు" అని నవ్వేవాడు. వినడానికి వాడే ఆ రబ్బరు గొట్టం ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది. ఏడాదిగా నువ్వు ముట్టలేదు కదా, లోపల సాలెగూడు పట్టింది.

ఇప్పుడు చప్పుళ్ళు. చల్లగా ఉన్నప్పుడు మామూలే, కాస్త బరువుగా కొట్టుకుంటుంది. వేడెక్కాక పాలు పొంగబోయే ముందు గిన్నె అంచున వచ్చే సన్నటి స్స్ లాంటిది వినబడింది. పక్కనున్న వెల్డింగ్ షెడ్డులో గ్యాస్ చప్పుడు అది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మొదట విప్పిన కారు సెన్సర్ తెచ్చాను. ఏ బండిదని అడిగితే విక్రమ్, "బండి పేరు, అమ్మానాయిన పేరు గూడ చెప్పాల్నా మేడమ్?" అన్నాడు. దానితో నాలుగు పాయింట్ మూడు వచ్చింది. తిరిగి ఇస్తే, "గిట్లనే తెచ్చుకుంట ఇచ్చుకుంట సెన్సర్ల దండ కడ్తవా ఏంది" అని నకలుది చేతిలో పెట్టాడు. అది పెట్టి పరీక్షకు తీసుకెళ్ళాను కాకా. రెండు పాయింట్ ఏడు. గొట్టం పూర్తిగా లోపల పెట్టించి, రెండుసార్లు చూశాను. పాస్.

కాగితం తీసుకుని రింగు రోడ్డు మీద నిలబడితే, ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎదురుగా అంతమంది పోతున్నారు. ఒక్క ముఖమైనా తెలిసింది కాదు. షెడ్డుకు వచ్చి నీ స్టూలుకు చెప్పాను. నవ్వకు.

షెడ్డుకు వచ్చేవాళ్ళు లోపలికి తొంగి చూసి "మేస్త్రి లేడా?" అంటారు. లేడంటే వెళ్ళిపోతారు. నేను అక్కడే చేతికి గ్రీజుతో నిలబడి ఉంటాను. ఈ కారుతో అది మారుతుంది. గోపాలరావు గారు నిన్న కారు తీసుకెళ్ళారు. కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "బానే ఉందమ్మా" అన్నారు. ఆయన నోట అది పెద్ద మాట.

సంతోషంగా ఉన్న,
స్వర్ణలత.

*

ఆలేరు,
తారీకు 25-3-14.

సొర్ణా,

పాసైంది అంటె సంతోషం.

మూడు సప్పుళ్ళు రాయమన్న. రెండే రాసినవ్. గడ్డ ఎక్కేటప్పుడు ఏం సప్పుడు?

మొగిలయ్య

*

నాచారం,
13 ఏప్రిల్ 2014.

కాకా,

నీ ఉత్తరం నాలుగు లైన్లు. చదివి కోపం వచ్చి పది రోజులు జవాబు రాయలేదు. నెల రోజులు ఒక్కదాన్నే కిందా మీదా పడి పాస్ చేయిస్తే, బాగా చేశావు బిడ్డా అని ఒక్క మాట రాయలేకపోయావు అనుకున్నాను. కోపం తగ్గాక భయం వేసింది. ఎందుకంటే ఎత్తు మీద నేను దాన్ని నడపనే లేదు. పరీక్షలో కారు నిలబడే ఉంటుంది కదా.

గోపాలరావు గారు నారపల్లిలో ఏదో ప్లాటు చూడబోతుంటే, కారు ఎలా నడుస్తుందో చూస్తానని నేనూ ఎక్కాను. అక్కడ గుట్టను కోసి వెంచర్ వేశారు. మట్టి రోడ్డు నిటారుగా ఉంటుంది. కారు ఎత్తు అందుకోగానే డబ్బాలో చింతగింజలు పోసి ఊపినట్టు చప్పుడు. ఇంజనులో బలం లేదు. ఆయన తన ప్లాటు గురించి మాట్లాడుతూ వినలేదు. నేను విన్నాను. పెట్రోలు చాలక ఇంజను లోపల కాలిపోతున్న చప్పుడు అది. ఖాళీగా నిలబడినప్పుడు ఎక్కువ పోస్తోందని మనం ఏడ్చిన కారు, ఎత్తు మీద చాలినంత పోయడం లేదు. ఇదెలా సాధ్యమో నా చదువుకు అందడం లేదు.

ఆయన వచ్చే నెల మొదట్లో భార్యను తీసుకుని ఈ కారులోనే సొంతూరు రేపల్లె వెళతారట. అంత దూరం ఎండలో ఇలా నడిస్తే వాల్వులు కాలిపోతాయి, ఏ పొలాల మధ్యో ఆగిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. పాసైన కాగితం ఆయన జేబులో ఉంది. నేను మాట్లాడకపోతే షెడ్డు నాది. మాట్లాడితే, నాకు చేతకాలేదని నేనే ఒప్పుకున్నట్టు. కారు దిగేదాకా మాట్లాడలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

నువ్వు ఒక్క రోజు రా. పొద్దున్న బస్సెక్కితే ఉప్పల్లో దిగొచ్చు, సాయంత్రానికి మళ్ళీ ఆలేరులో ఉండొచ్చు. ఏ పనీ చెయ్యొద్దు. ఒక్కసారి విని చెప్పు. నీ చెవి పడితే తేలిపోతుంది. ఇంతకన్నా ఏమీ అడగను.

స్వర్ణలత.

*

ఆలేరు,
తారీకు 24-4-14.

బిడ్డా సొర్ణా,

నాకు ఇనరాదు.

ఈ ముక్క రాయనీకి మూడు కాయితాలు చింపిన. ఎడమ చెవి రెండేండ్ల కింద పోయింది. కుడి చెవి అటెన్క మెల్లగ పోయింది. దవాఖానాల సూపెట్టిన. నరం సచ్చిపోయింది, మిషిను పెట్టినా అంతంతే అన్నరు. అందుకే ఫోన్ ఎత్తలే. ఎత్తి ఏం ఇనాలె? మా బావకు ఎర్కే, ఎవరికి చెప్పకు అన్న. ఇక్కడ గిర్నీల ఎవరికి ఏం ఇనవడదు, అందరు సేతులతోని సైగ చేస్తరు. ఇక్కడ నేను అందరి లెక్కనే ఉన్న.

దినాం పొద్దుగాల ఏం సప్పుడో చెప్పు అంటి కదా. నేను నేర్పుతున్న అనుకున్నవ్. నేను అడుగుతుంటి బిడ్డా. నాకు ఎర్క లేకనే అడుగుతుంటి. నువ్వు ఏం లేదు అంటె నీ మూతి సూసి బానెట్ దించుతుంటి. పండ్లతోని స్క్రూడ్రైవర్ పట్టుకుంటె ఎముకలల్ల జర గులగుల అనేది, అది గూడ పోయింది. ఏడాదిన్నర షెడ్డు నీ చెవుల మీద నడిసింది. ఆటో కాడ బెల్టు అన్నది నేను ఇని అన్న మాట గాదు. అందాజుగ అన్న. నువ్వు బేరింగు అన్నవ్. కోపం రాలే. ఇగ నేను దొంగలెక్క ఉండుడు ఎందుకు అనిపిచ్చింది. మాటలు తగ్గిచ్చింది గందుకే, మాట్లాడితె దొరికిపోత అని.

అప్పుడన్న చెప్పాల్సి ఉండె. చెప్పలే. డిసెంబర్ల నువ్వు లైసెన్స్ పరీక్షకు పోయిన దినం బడి పిల్లల వ్యాన్ వచ్చింది. డ్రైవర్ పేరు దుర్గేష్. ఇంజన్ల ఏదో సప్పుడొస్తున్నది సూడన్నా అన్నట్టు ఇంజన్ దిక్కు సూపిచ్చి, చెవి మీద సెయ్యి పెట్టుకుండు. చెయ్యి పెట్టి సూసిన. ఏం లేదు, పో అన్న. నువ్వు లేవు కదా. నాకు ఇనరాదు అని ఒక్క మాట అంటె అయిపోయేది. నాగారం తొవ్వల ఇంజన్ బిగుసుకపోయింది. పదకొండు మంది పిల్లలు రోడ్డు పక్కన ఎండల నిలబడ్డరు. ఎవరికి ఏం కాలే. ఎన్క లారీ ఉంటె ఏమయ్యేది?

దుర్గేష్ సాయంత్రం వచ్చిండు. నోరు ఆడుతున్నది, మెడ నరాలు లేసినయ్, సప్పుడు లేదు. తిడుతున్నడు అని ఎర్కైంది. ఏం తిట్టిండో ఇప్పటికి ఎర్క లేదు. దండం పెట్టిన. నీకు చెప్పొద్దని ఆయనను బతిలాడిన. వారం పది దినాలకు ఇక్కడికి వచ్చిన.

నన్ను రమ్మనకు. నేను వచ్చినా ఆ కారు ముందు గోడ లెక్క నిలబడ్త.

నువ్వు రాసిన ఉత్తరాలు మల్ల సదివిన. గరమైనంక పాలగిన్నె సప్పుడు అన్నవ్. పక్క షెడ్డుది అన్నవ్. ఎట్ల ఎర్క? వెల్డింగ్ షెడ్డు ఆదివారం బంద్ ఉంటది. ఆదివారం ఇను. గొట్టంల సాలెగూడు దులుపు.

గోపాలరావు సారుకు ఏం చెప్తవో నేను చెప్ప. నేను చెప్పకపోతె ఏమైందో రాసిన.

మొగిలయ్య

*

నాచారం,
11 మే 2014.

కాకా,

నీ ఉత్తరం షెడ్డులో నిలబడి చదివాను. చదివాక షట్టరు సగం దించి నీ స్టూలు మీద కూర్చున్నాను. నేను ఏడాదిన్నర నీ పక్కనే ఉన్నాను. నేను పిలిస్తే నువ్వు పలకనప్పుడు పనిలో మునిగావనుకున్నాను. నా మూతి చూసేవాడివి, నేను చెప్పేది సరిగ్గా ఉందో లేదో పరీక్షిస్తున్నావనుకున్నాను. చప్పుడు వినడం తెలుసని గర్వపడ్డ నాకు ఇది ఒక్కటీ వినబడలేదు. బాపుకు నీ ఉత్తరం పూర్తిగా చదవలేదు. కాక ఆరోగ్యం బాగాలేదట అన్నాను. అది విని ఆయన, "నేను ఎన్క నుంచి పిలుస్తె తిరగకపోతుండె. పెద్ద మేస్త్రి అయిండు అనుకున్న" అన్నాడు.

మరునాడు గోపాలరావు గారి ఇంటికి వెళ్ళాను. కారు బాగుపడలేదని, రేపల్లె తీసుకెళ్ళవద్దని చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు.

"కాగితం వచ్చింది కదమ్మా?"

"వచ్చింది సార్. కారు మాత్రం బాగుపడలే."

"అయితే నువ్వు పాస్ చేయించినట్టా, కానట్టా?"

"కానట్టే సార్."

ఆయన జేబులోంచి కాగితం తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన భార్య ఛాయాదేవి గారు మజ్జిగ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళారు. చివరికి ఆయన కారు తాళాలు ఇచ్చి, "గడువు మాత్రం అదేనమ్మా" అన్నారు. మెట్లు దిగుతుంటే షెడ్డు పోయిందనే అనుకున్నాను. కారు నేనే నడుపుకుంటూ షెడ్డుకు తెచ్చాను.

పోయిన ఆదివారం వెల్డింగ్ షెడ్డు మూసి ఉంది. వీధిలో ఎవరూ లేరు. గొట్టం కడిగి ఆరబెట్టాను. కారు సొంత సెన్సర్ నే మళ్ళీ పెట్టి స్టార్ట్ చేశాను. చల్లగా ఉన్నప్పుడు ఏమీ లేదు. పావుగంట వేడెక్కనిచ్చాను. అప్పుడు వచ్చింది, పాలగిన్నె. వెల్డింగ్ షెడ్డుది కాదు కాకా. మొదటి రోజు నుంచీ అది మన కారుదే.

గొట్టం ఒక కొన చెవిలో, రెండో కొన ఇంజను మీద. అంగుళం అంగుళం జరిపాను. ఇంజను వెనక, సెన్సరుకు గాలి అందించే సన్నని రబ్బరు పైపు ఉంటుంది కదా, దాని క్లిప్పు దగ్గర స్స్ అని చెవిలో కొట్టింది. క్లిప్పు విప్పి చూస్తే కింద వెంట్రుకంత పగులు. చల్లగా ఉంటే మూసుకుంటుంది, రబ్బరు వేడికి మెత్తబడితే తెరుచుకుంటుంది.

అప్పుడు అన్నీ అర్థమయ్యాయి. సెన్సర్ ఎప్పుడూ పాడవలేదు. పగులులోంచి బయటి గాలి చేరుతుంటే, ఇంజను ఎక్కువ గాలి పీలుస్తోందని అది నమ్మింది. తనకు అందింది అందినట్టే చెప్పింది. నకలు సెన్సర్ ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువ చెబుతుంది. పగులు ఎక్కువ చేసింది, నకలు తక్కువ చేసింది, రెండు తప్పులూ కలిసి పరీక్షలో పాసయ్యాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను నిండా గాలి ఉంటుంది కాబట్టి పగులు లెక్కలోకి రాదు. నకలు తప్పు ఒక్కటే మిగిలింది. అదే చింతగింజల చప్పుడు. నేను రెండు సెన్సర్లు మార్చాను. మార్చాల్సింది జానెడు పైపు.

విక్రమ్ పైపు కోసి ఇస్తూ, "ఇంతేనా? ఇంకో సెన్సర్ ఇయ్యాల్నా?" అన్నాడు. నేను నవ్వితే ఆశ్చర్యపోయాడు. సోమవారం పరీక్షలో సున్నా పాయింట్ తొమ్మిది వచ్చింది. తరువాత నారపల్లి గుట్ట మూడుసార్లు ఎక్కించాను. చింతగింజలు లేవు.

ఇది కనిపెట్టింది నువ్వే కాకా. ఆలేరులో కూర్చుని, నేను వద్దని పక్కన పడేసిన ఒక్క లైనులోంచి. కాబట్టి అడుగుతున్నాను. వచ్చెయ్. నేను వింటాను, నువ్వు చెప్పు. ఇన్నాళ్ళూ చేసింది అదే కదా. ఇప్పుడు దాచకుండా చేద్దాం.

స్వర్ణలత.

*

ఆలేరు,
తారీకు 20-5-14.

బిడ్డా,

నువ్వు రాసింది సదివిన. బాగ చేసినవ్. పోయినసారి రాయలే అని కోపం చేసినవ్ కదా, రెండుసార్లు రాస్తున్న. బాగ చేసినవ్.

నువ్వు ఇను నేను చెప్త అన్న మాట మస్తు మంచిగున్నది. దినమంత అదే యాదికొచ్చింది. కాని రాను. ఎన్నో ఏండ్లు ఆ షెడ్డుల ఇంజన్లు నాతోని మాట్లాడినయ్. ఇప్పుడు పోయి వాటి ముందు నిలబడితె, మాట బంద్ చేసిన సుట్టం ఇంటికి పోయినట్టు ఉంటది. గిర్నీతోని నాకు ఎన్నడు మాట లేదు, అందుకే ఈడ ఉండగలుగుతున్న. నీకు వయసు చిన్నది, ఇది సమజ్ కాదు. కావద్దు గూడ.

దుర్గేష్ వ్యాన్ తెస్తె మంచిగ ఇను.

పాలగిన్నె అని రాసినవ్ కదా. అది సదివినంక మా అక్క పాలు పొయ్యి మీద పెడితె పోయి పక్కన కూసున్న. పొంగు వచ్చేదాంక సూసిన. సప్పుడు యాదికొచ్చింది. అక్క పాలు పొంగిపోతుంటె దించవేంది అని తిట్టింది కావచ్చు.

ఉత్తరం బంద్ చెయ్యకు. సప్పుళ్ళు రాయి.

మొగిలయ్య

*

నాచారం,
15 జూన్ 2014.

కాకా,

రమ్మని ఇంక అడగను. నీ మాట నాకు పూర్తిగా అర్థం కాలేదు, కావద్దన్నావు కాబట్టి వదిలేస్తున్నాను.

గోపాలరావు గారి కారు కాగితాలు వచ్చాయి. కొత్త రాష్ట్రం వచ్చి రెండు వారాలే అయింది, ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారట. ఎవరో ఆయన్ని "మీరు మీ ఊరికి పోరా సార్?" అని అడిగారట. "కారుకే ఇంకా ఐదేళ్ళు ఇచ్చారు. నాకు ఇవ్వరా?" అన్నారట. నాకు చెబుతూ తనే నవ్వారు. షెడ్డు కాగితం రాసి సంతకం పెట్టించారు. నా పేరు కింద తండ్రి పేరు సాంబయ్య అని చదివితే, బాపు వేలుతో ఆ అక్షరాలు తడిమి, "ఇది నేనేనా?" అన్నాడు. రేపల్లె ప్రయాణం బాగా జరిగిందట. దారిలో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తలేదట.

దుర్గేష్ వ్యాన్ తెచ్చాడు. బడులు తెరుస్తున్నారు కదా. లోపలికి చూసి "మేస్త్రి లేడా?" అన్నాడు. "నేనే అన్నా, చెప్పు" అన్నాను. కాసేపు నిలబడి తాళం ఇచ్చాడు. గంటసేపు విన్నాను. ఫ్యాన్ బెల్టు కీచుమంటోంది, అంతకు మించి ఏమీ లేదు. వెళ్ళేటప్పుడు, "ఆ దినం మొగులన్నను మస్తు తిట్టిన. ఇనకుంట చేతులు జోడిస్తుంటె ఇంకా కోపమొచ్చింది" అన్నాడు. నీకు వినబడదని నేను చెప్పలేదు. బెల్టు మార్చి పంపాను.

చప్పుళ్ళు రాయమన్నావు. ఈ రోజుది రాస్తాను. పొద్దున చినుకులు పడ్డాయి. రేకుల మీద వడ్లు చల్లినట్టు పడి ఆగిపోయాయి. గోపాలరావు గారి కారు నూనె మార్చడానికి వచ్చింది, ఈ రోజుకు మొదటి బండి అదే. బానెట్ ఎత్తి, ఊతకడ్డీ పెట్టకుండా చేత్తోనే పట్టుకున్నాను, నువ్వు పట్టుకున్నట్టు. ఆయన్ని స్టార్ట్ చేయమన్నాను. చల్లగా ఉన్నప్పుడు మెత్తగా, నిద్రలో ఊపిరి తీసినట్టు. వేడెక్కాక అంతే. పాలగిన్నె లేదు. చాలాసేపు విన్నాను, ఆయన లోపలి నుంచి తల బయటపెట్టి చూసేదాకా.

"ఏం లేదు కాకా" అని పైకే అన్నాను.

బానెట్ అలాగే నా చేతిలో ఉంది. కాసేపు పట్టుకుని నిలబడ్డాను. తరువాత నేనే దించాను.

స్వర్ణలత.